మనవాడే కాబట్టి ముందు మనమే అడగాలి: బ్రిటన్‌లోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

బ్రిటన్‌లోని తెలుగు సంఘాల పెద్దలకు, కార్యవర్గ సభ్యులకు, పండగలకీ పబ్బాలకీ ఆ హాళ్లలో నా పక్కన కూర్చునే అన్నయ్యలకు, వదినలకు, ఈ మధ్యే చదువుకోడానికి ఇక్కడికి వచ్చిన పిల్లలకు

నమస్కారం.

మాది తెనాలి. పంతొమ్మిదేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నాను. లండన్‌కు పడమటి వైపున్న ఒక ఊళ్లో మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మీలో కొందరికి నా ముఖం తెలుసు. పులిహోర వడ్డించే వరుసలో చూసి ఉంటారు.

2022 అక్టోబరు 29, శనివారం సాయంత్రం మా దీపావళి సభ జరిగింది. అంతకు నాలుగు రోజుల ముందే రిషి సునాక్ గారు ప్రధానమంత్రి అయ్యారు. స్టేజి మీద తెరనిండా ఆయన ఫొటో, డౌనింగ్ స్ట్రీట్‌లో ప్రధాని ఉండే పదో నంబరు ఇంటి తలుపు ముందు నిలబడ్డది. పిల్లల కూచిపూడి అయ్యాక సంఘం పెద్దాయన ఒకరు మైకు తీసుకుని అభినందన తీర్మానం చదివారు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను, మనస్ఫూర్తిగానే కొట్టాను. మా అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి "మనవాడు అక్కడ ప్రధానమంత్రి అయ్యాడటగా" అన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఆయన పూర్వీకులది పంజాబు, తల్లిదండ్రులు తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చారు, మన తెలుగుకీ ఆయనకీ ఏ చుట్టరికమూ లేదు. ఇవన్నీ మా అమ్మకి చెప్పబుద్ధి కాలేదు. సౌతాంప్టన్‌లో సునాక్ గారి అమ్మగారు మందుల షాపు నడిపారు. చిన్నప్పుడు ఆ షాపులో పనిచేశానని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నారు. కౌంటరు వెనక ఇరవై ఏళ్లకు దగ్గరగా నిలబడిన నాకు ఆ ఒక్కమాట చాలు, దగ్గరివాడు అనిపించడానికి.

చప్పట్లు ఆగాక నేను లేచి ఒక్క వాక్యం చేర్చమని అడిగాను: "వీలైనంత త్వరలో సార్వత్రిక ఎన్నికలు జరిపించి ప్రజల తీర్పు తీసుకోవాలని కోరుతున్నాం." పెద్దాయన నవ్వుతూనే "పండగ పూట శుభమా అంటుంటే ఇప్పుడు ఆ మాట దేనికమ్మా" అన్నారు. వెనక నుంచి ఎవరో "మనవాడు కుర్చీలో కుదురుకోకముందే దించేస్తారా ఏంటి" అన్నారు. తీర్మానం ఉన్నది ఉన్నట్టుగా ఆమోదం పొందింది. నేను కూర్చున్నాను.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. నన్ను కూర్చోబెట్టారన్న బాధ కంటే, వెనక నుంచి వచ్చిన ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. మనవాడు కాబట్టి అడగకూడదట. నేను పెరిగిన ఊళ్లో దీనికి సరిగ్గా ఎదురుమాట విన్నాను.

1984 ఆగస్టు 16. నేను తొమ్మిదో తరగతి. ఎన్టీ రామారావు గారు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చి ఎన్నో రోజులు కాలేదు. గవర్నర్ రాంలాల్ ఆయన్ని తీసేసి నాదెండ్ల భాస్కరరావు గారి చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. మెజారిటీ నాకుంది, శాసనసభలో చూపిస్తాను, నాకు గడువివ్వండి అని రామారావు గారు అడిగినా వినలేదు. మా నాన్న రైసుమిల్లులో గుమాస్తా. ఏ పార్టీ జెండా మోసిన మనిషి కాదు. సాయంత్రం రేడియోలో వార్తలు విని, చొక్కా వేసుకుని గాంధీ చౌక్ వైపు బయల్దేరాడు. మా మేనమామ గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. "భాస్కరరావు గారు పక్కనే వేమూరు నుంచి గెలిచిన మనిషి బావా, మన జిల్లావాడు ముఖ్యమంత్రి అయ్యాడు, మనకి మంచిదేగా" అన్నాడు. నాన్న చెప్పుల్లో కాళ్లు పెడుతూ "మనవాడే. అందుకే ముందు మనమే అడగాలి. పైవాళ్లు అడిగితే గిట్టక అడిగారంటారు" అన్నాడు. ఆ రాత్రి ఆయన పదిగంటలు దాటాక వచ్చాడు. గొంతు పోయింది. అమ్మ మిరియాల పాలు కాచి ఇచ్చింది. గిన్నె పట్టుకున్న ఆయన చెయ్యి వణకడం నాకింకా గుర్తే.

ఆ తర్వాత నెలరోజులు రాష్ట్రం ఎలా అట్టుడికిపోయిందో మీలో నా వయసువాళ్లకి చెప్పక్కర్లేదు. బందులు, ఊరేగింపులు, కాల్పులు, ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి కర్ణాటకకు తరలించడం. గవర్నర్ మారారు. సెప్టెంబరు 16న రామారావు గారు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. చాలామంది కథ అక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం ఆ తర్వాత జరిగిందే పెద్ద సంగతి. కుర్చీ తిరిగొచ్చాక కూడా ఆయన ఊరికే కూర్చోలేదు. శాసనసభను రద్దు చేయించి 1985 మార్చిలో మళ్లీ ఓటర్ల ముందుకు వెళ్లారు. 200కు పైగా సీట్లతో తిరిగొచ్చారు. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ నీకీ కుర్చీ ఎవరిచ్చారని అడగలేకపోయారు.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. సునాక్ గారు చేసిందీ 1984లో జరిగిందీ ఒకటే అని నేను అనడం లేదు. ఆయన ఎవరినీ దొడ్డిదారిన దించలేదు. ఇక్కడి నియమం ప్రకారమే వచ్చారు. ఇక్కడ ఓటరు వేసేది ఎంపీకి. దిగువ సభలో ఎవరికి మెజారిటీ ఉంటే రాజుగారు వాళ్లని పిలుస్తారు. మన దేశంలో ప్రధానిని ఎంచుకునే పద్ధతీ ఇదే. ఇలా వచ్చినవాళ్లలో ఈయన మొదటివాడు కూడా కాదు. 1990లో జాన్ మేజర్, 2007లో గోర్డన్ బ్రౌన్, 2016లో థెరెసా మే, 2019లో బోరిస్ జాన్సన్ అందరూ ముందు కుర్చీ ఎక్కాకే ఎన్నికలకు వెళ్లినవాళ్లు. 2007లో బ్రౌన్ గారు పోటీ లేకుండా వచ్చినప్పుడు ఎన్నికలు పెట్టు, ప్రజల్ని అడుగు అని గొంతెత్తినవాళ్లు ఎవరనుకున్నారు? ఇదే కన్సర్వేటివ్ నాయకులు. ఆనాడు వాళ్లు అడిగింది తప్పని నేననుకోవడం లేదు. ఈనాడు మనం అడిగేదీ తప్పు కాదు.

నియమం ఒప్పుకుంటుంది. నిజమే. కానీ ఈ ఏడాది ఏం జరిగిందో వరుసగా చూడండి.

2019 డిసెంబరులో ఈ దేశ ప్రజలు ఓటేశారు. నేనూ వేశాను, కన్సర్వేటివ్‌కే వేశాను. ఆ పార్టీకి 365 సీట్లు వచ్చాయి, సుమారు 1 కోటీ 40 లక్షల ఓట్లు. అప్పుడు పోస్టరు మీద ఉన్న మనిషి బోరిస్ జాన్సన్. ఈ జులైలో సొంత పార్టీవాళ్లే ఆయన్ని సాగనంపారు. తర్వాత ప్రధాని ఎవరన్నది పార్టీ సభ్యులు తేల్చారు. ఈ 2022లో ఏడాదికి 25 పౌన్ల చందా కట్టి, చేరి మూడు నెలలైతే చాలు, ఓటు. ఈ దేశ పౌరసత్వం కూడా అక్కర్లేదు. లిజ్ ట్రస్ గారికి 81,326 ఓట్లు, సునాక్ గారికి 60,399. ఆరున్నర కోట్ల మందికి పైగా ఉన్న దేశానికి ప్రధాని ఎవరన్నది లక్షా డెబ్బై వేల చిల్లర సభ్యులున్న జాబితా తేల్చింది.

ట్రస్ గారు పదవిలో ఉన్నది 49 రోజులు. సెప్టెంబరు 23న ఆమె ఆర్థికమంత్రి క్వాసీ క్వార్టెంగ్ 4,500 కోట్ల పౌన్ల పన్ను తగ్గింపులు ప్రకటించారు, డబ్బు ఎక్కణ్నుంచి తెస్తారో చెప్పకుండా. మూడు రోజులకి పౌను డాలరు మీద ఎన్నడూ లేనంత కిందికి పడింది. పింఛను నిధులు కుప్పకూలకుండా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రంగంలోకి దిగాల్సి వచ్చింది. ఆమె దిగిపోయాక ఈసారి పార్టీ సభ్యుల దాకా కూడా పోలేదు. వంద మంది ఎంపీల మద్దతు ఉంటేనే పోటీ అన్నారు. జాన్సన్ తప్పుకున్నారు, అక్టోబరు 24 మధ్యాహ్నం రెండింటికి పోటీలో మిగిలిన పెన్నీ మోర్డాంట్ కూడా తప్పుకున్నారు. అప్పుడు నేను షాపులో ఉన్నాను. ఫోన్‌లో వార్త చూసి మా డిస్పెన్సర్ అమ్మాయి "ఎలక్షన్ అయిపోయిందా?" అని అడిగింది. లేదు, ఎలక్షన్ జరగకుండానే అయిపోయింది అన్నాను. ఆ రోజే దీపావళి.

ఒకే ఏడాదిలో ముగ్గురు ప్రధానులు, నలుగురు ఆర్థికమంత్రులు. నేలను రసాయన నీళ్లతో పగలగొట్టి గ్యాసు తీసే ఫ్రాకింగ్‌నే తీసుకోండి. 2019 ఎన్నికల ప్రణాళికలో వద్దన్నారు. ట్రస్ గారు వచ్చి సరే అన్నారు. సునాక్ గారు వచ్చి మళ్లీ వద్దన్నారు. మంచి నిర్ణయానికే తిరిగొచ్చారు, సంతోషం. కానీ ఏడు వారాల్లో అటూ ఇటూ తిరిగిన ఆ సంగతి మీద ఆ బావులు తవ్వాల్సిన ఊళ్లవాళ్లని ఒక్కసారైనా అడిగినవాళ్లు లేరు. 2019లో పార్టీకి వచ్చిన తీర్పు ఏ ఒక్కరి సొత్తూ కాదు, అందరిదీ అని సునాక్ గారు మొదటిరోజు ప్రసంగంలో అన్నారు. ఆ మాట మీద చాలాసేపు ఆలోచించాను. ఆ తీర్పు ఇచ్చినవాళ్లలో నేనొకదాన్ని. నేనిచ్చినప్పుడు కోవిడ్ లేదు, యుక్రెయిన్ యుద్ధం లేదు, ధరలు ఇలా లేవు. అప్పుడు నేనడిగిన ప్రశ్నలు వేరు. ఆ జవాబు పట్టుకుని ఇప్పటి ప్రశ్నలకి సరిపెట్టుకోమంటే ఎలా?

ఇలాంటిది మనకు కొత్తేమీ కాదు. 1978 నుంచి 1983 వరకు ఒకే శాసనసభ, నలుగురు ముఖ్యమంత్రులు. చెన్నారెడ్డి గారు, అంజయ్య గారు, భవనం వెంకట్రామ్ గారు, కోట్ల విజయభాస్కరరెడ్డి గారు. ఢిల్లీ నుంచి సీల్డు కవరు వచ్చేది, ఎవరి పేరుంటే ఆయన. అన్నీ నియమం ప్రకారమే, ఎమ్మెల్యేలందరూ ఏకగ్రీవంగా ఎన్నుకున్నట్టే. అంజయ్య గారికి బేగంపేట విమానాశ్రయంలో జరిగిన అవమానం ఆయన ఒక్కడిదిగా జనం తీసుకోలేదు. ఆత్మగౌరవం అనే మాట అక్కడే రాజుకుంది. పుట్టి ఏడాది నిండని పార్టీకి 1983 జనవరిలో 200 సీట్లు దాటించారు మన జనం. నియమం తప్పిందని ఎవరూ ఓటేయలేదు. మమ్మల్ని అడగలేదని వేశారు.

పి.వి. నరసింహారావు గారి సంగతి ఎవరైనా ఎత్తుతారని తెలుసు. ఎత్తాలి కూడా. 1991లో ఆయన అసలు ఎన్నికల్లో నిలబడనే లేదు. సామాన్లు సర్దుకుని హైదరాబాదు వచ్చేయబోతున్న మనిషి జూన్ 21న ప్రధాని అయ్యారు. తెలుగువాళ్లం ఎంత పొంగిపోయామో! అయితే ఆరు నెలల్లోపు సభ్యుడు కావాలని రాజ్యాంగం చెప్పింది, ఆయన నంద్యాల వచ్చారు. తెలుగుబిడ్డ ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తన పార్టీ అభ్యర్థిని నిలబెట్టలేదు. నంద్యాల 5 లక్షలకు పైగా మెజారిటీ ఇచ్చింది. మనవాడి పట్ల ప్రేమ ఉంటే దాన్ని చూపించే చోటు పోలింగు బూత్. నంద్యాలవాళ్లు అక్కడే చూపించారు. సునాక్ గారు యార్క్‌షైర్‌లో రిచ్‌మండ్ ఓటర్లు గెలిపించిన ఎంపీనే, నాకు తెలుసు. కానీ రిచ్‌మండ్ ఆయన్ని ఎన్నుకున్నది తమ ఎంపీగా. దేశం మొత్తం ఇంకా ఆయన్ని చూసి ఓటేయలేదు. వేసే అవకాశం ఇప్పించమంటున్నాను, అంతే.

ఇక నన్ను ఎక్కువగా కలవరపెడుతున్న సంగతి. "నిన్ను ఎవరు ఎన్నుకున్నారు" అన్న ప్రశ్న ఇప్పుడు రెండు రకాల నోళ్ల నుంచి వస్తోంది. ఒక నోరు ఓటు గురించి అడుగుతోంది. ఇంకో నోరు ఒంటిరంగు గురించి అడుగుతోంది. ఆయన ప్రధాని కాకముందే రేడియోకి ఫోన్ చేసి, అసలాయన బ్రిటిష్‌వాడే కాదన్నాడొకాయన. సౌతాంప్టన్‌లో పుట్టిన మనిషిని! ఆ మాట విన్న రోజు నాకు కౌంటరులో చేతులు ఆడలేదు. మా అమ్మాయి పుట్టింది కూడా ఇక్కడే. రేపు దాన్నీ ఇలాగే అంటారా అనిపించింది.

ఇప్పుడు మనం నోరు మూసుకుంటే ఏమవుతుంది? ఎన్నికలు అడిగేవాళ్లంతా రంగు చూసి అడుగుతున్నారని మనం అనుకుంటాం. భారతదేశపు మనుషులంతా తమవాడని వెనకేసుకొస్తున్నారని వాళ్లనుకుంటారు. ఓటు గురించి నిజాయితీగా అడిగే ఇక్కడివాడు మధ్యలో నలిగిపోతాడు. అదే మనం ముందు నిలబడి, "ఈయన మా గర్వం, ఈయనే గెలవాలని మాలో చాలామంది కోరుకుంటున్నారు, అయినా ఓటు పెట్టండి" అన్నామనుకోండి. ఆ రేడియో ఆసామి చేతిలో ఉన్న కర్ర మనం లాగేసుకున్నట్టే. బ్యాలెట్టు మీద గెలిచి వచ్చిన సునాక్ గారిని ఎవరన్నా ఒక మాట అంటే ఆ మాట వాళ్లకే తిరిగి తగులుతుంది. ఇవాళ అలా తిరిగి తగలడం లేదు. మా నాన్న చెప్పులు తొడుక్కుంటూ అన్న మాటకి అర్థం ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత నాకు ఇలా తెలిసొచ్చింది.

"ఇప్పుడు ఎన్నికలంటే మార్కెట్లు మళ్లీ పడతాయి, కాస్త స్థిమితపడనీ" అని సభ అయ్యాక ఒక తమ్ముడు నాతో మర్యాదగానే వాదించాడు. అతను లండన్‌లో బ్యాంకులన్నీ ఉండే 'సిటీ'లో పనిచేస్తాడు, నాకంటే తెలిసినవాడు. నా దగ్గర ఉన్న జవాబు నా ఇంటిదే. మా ఇంటి అప్పు మీద స్థిర వడ్డీ గడువు జనవరిలో తీరిపోతుంది. సెప్టెంబరు మొదట్లో మూడున్నరకి కాస్త పైన ఇస్తామన్న బ్యాంకు నెలాఖరుకి ఆ మాట వెనక్కి తీసుకుంది. ఇప్పుడు ఆరు శాతానికి దగ్గర. నెలకి 250 పౌన్లు ఎక్కువ కట్టాలి. మొన్న 3వ తేదీన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ రేటు ఇంకో ముప్పావు శాతం పెంచి 3 చేసింది. మమ్మల్ని ఈ స్థితికి తెచ్చింది ఎన్నికలు కాదు. ఎన్నికలు లేకుండా, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదనుకుని చేసిన ఒక బడ్జెట్టు. జనం ముందు పెట్టి గెలవాల్సి వస్తే అలాంటి ప్రణాళిక బయటికి వచ్చేదేనా?

మా షాపుకి పోయినవారం ఒకావిడ వచ్చింది. అరవై దాటలేదు, కాబట్టి మందులకి డబ్బు కట్టాలి. చీటీలో మూడు మందులు. 2022 రేటు ప్రకారం ఒక్కోదానికి 9 పౌన్ల 35 పెన్నీలు. కాగితం కౌంటరు మీద పెట్టి, గొంతు తగ్గించి, "ఈ మూడింట్లో ఏది మానేస్తే పరవాలేదు?" అని అడిగింది. ఒకటి బీపీకి, ఒకటి ఉబ్బసం ఇన్‌హేలరు, ఒకటి థైరాయిడుది. థైరాయిడు తక్కువై రోజూ ఆ హార్మోను మాత్ర వేసుకునేవాళ్లకి ఇంగ్లండులో అన్ని మందులూ ఉచితం, దరఖాస్తు పెట్టుకోవాలి, ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఫారం ఎక్కడ దొరుకుతుందో చెప్పి, రసీదు దాచుకుంటే డబ్బు వెనక్కి వస్తుందని చూపించాను. ఆవిడ పర్సు తీసి నాణేలు లెక్కపెడుతుంటే నేను కంప్యూటరు వైపు తిరిగి ఏదో పని ఉన్నట్టు చూశాను. సెప్టెంబరులో ధరల పెరుగుదల 10.1 శాతం. ఈ దేశంలో శీతకాలం ఇంకా మొదలుకాలేదు. ఆ మనిషి ఓటు వేసింది మూడేళ్ల కిందట. ఇంకో ఎన్నిక 2025 జనవరి దాకా పెట్టకపోయినా చట్టం ఒప్పుకుంటుంది. అన్నాళ్లు ఆగమని ఆమెతో ముఖం చూసి చెప్పగలరా ఎవరైనా?

నవంబరు 5న లండన్‌లో ఎన్నికలు కోరుతూ ఊరేగింపు జరిగింది. వెళ్లాను. నది గట్టు నుంచి ట్రఫాల్గర్ స్క్వేర్ దాకా వేలమంది. "జనరల్ ఎలక్షన్ నౌ" అని అట్టముక్కల మీద రాసుకుని నడిచారు. నర్సులు, రైల్వేవాళ్లు, చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన, ఆయన ఒళ్లో మనవరాలు. పార్లమెంటు వెబ్‌సైటులో ఇదే కోరికతో పెట్టిన అర్జీకి లక్షల సంతకాలు వచ్చాయి, దాని మీద అక్టోబరులో ఎంపీలు చర్చించారు కూడా. అడిగితే పట్టించుకునేవాడు లేడనడం సరికాదు. ఆ గుంపులో మన మొహాల కోసం వెతికాను. ఇద్దరు కనబడ్డారు, ఇద్దరూ బెంగాలీలు.

అడగడానికి మనకి ఏం హక్కు, మనం వీసాల మీద ఉన్నవాళ్లం అనుకుంటున్న పిల్లలకి ఈ మాట. ఖమ్మం నుంచి సెప్టెంబరులో ఎం.ఎస్. చేయడానికి వచ్చిన ఒక కుర్రాడు మా షాపుకి జ్వరం మాత్రల కోసం వచ్చాడు. తెలుగు విని "ఆంటీ" అని పలకరించాడు. నీకిక్కడ ఓటుంది తెలుసా అన్నాను. నమ్మలేదు. నిజంగానే ఉంది. భారతదేశం కామన్వెల్త్ దేశం. పద్దెనిమిదేళ్లు నిండి, సరైన వీసా మీద ఇక్కడ నివాసం ఉంటున్న భారత పౌరుడు ఎవరైనా పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటేయవచ్చు. మా షాపులో పదిహేనేళ్లుగా పనిచేస్తున్న పోలండు ఆవిడకి ఆ ఓటు లేదు. రెండు నెలల కిందట దిగిన ఖమ్మం కుర్రాడికి ఉంది. నేను ఆ మాట చెబుతుంటే ఆవిడ పక్కనే మాత్రల డబ్బాలు సర్దుతూ వింది. "నాకుంటే ఒక్కసారి కూడా మానను" అంది. మనలో ఎంతమంది జాబితాలో పేరు ఉందో లేదో కూడా చూసుకోకుండా ఉంటున్నామో తలుచుకుని సిగ్గేసింది.

అందుకే ఈ ఉత్తరం. మీ సభల్లో మీరు సునాక్ గారిని అభినందించండి, తెర మీద ఫొటో వేయండి, నేనూ చప్పట్లు కొడతాను. ఆ తీర్మానం కాగితానికి కింద ఎన్నికల మాట చేర్చి మీ మీ ఎంపీకి పంపండి. ఏ పార్టీ ఎంపీ అయినా సరే, సంఘం ముద్రతో వచ్చిన కాగితాన్ని చదవకుండా పక్కన పెట్టరు. ఎన్నికలొస్తే ఎవరికి ఓటేయాలో సంఘం చెప్పనక్కర్లేదు, చెప్పకూడదు కూడా. సునాక్ గారికి వేసేవాళ్లు వేస్తారు. కీర్ స్టార్మర్ గారి లేబర్ పార్టీకి వేసేవాళ్లు వేస్తారు. నేనింకా తేల్చుకోలేదు.

కౌన్సిలు నుంచి ఈ రోజుల్లో ఇంటింటికీ ఓటర్ల వివరాల ఉత్తరం వస్తోంది. బకెట్టులో పడేయకండి. అద్దె ఇళ్లలో ఐదుగురారుగురు కలిసి ఉండే పిల్లలకి మరీ చెప్పండి. పేరు నమోదుకి ఆన్‌లైన్‌లో అయిదు నిమిషాలు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దగ్గరుంటే ఇంకా తేలిక. జాబితాలో పేరుంటే క్రెడిట్ స్కోరుకూ పనికొస్తుంది, ఆ మాట చెబితే వాళ్లు వెంటనే ఫోన్ తీస్తారు, ఖమ్మం కుర్రాడు తీశాడు. 2023 మే నెల నుంచి ఇంగ్లండులో బూత్‌కి వెళ్తే ఫొటో గుర్తింపు చూపించాలి. మన నీలిరంగు పాస్‌పోర్టు చెల్లుతుంది.

సంక్రాంతి సభకి హాలు బుక్ చేసేటప్పుడు తలుపు పక్కన, చెప్పులు విడిచే చోట, ఒక చిన్న బల్ల నాకు వదలండి. ల్యాప్‌టాప్ నేనే తెచ్చుకుంటాను. అరిసెలు కూడా చేసి తెస్తాను, పేరు నమోదు చేసుకున్నవాళ్లకి ముందు పెడతాను.

ఇట్లు,
మీ తెనాలి ఆడపడుచు
2022 నవంబరు 7